పెద్దలు తామే తిరగగల దేశం

ప్రయాణానికి మంచిరోజు చూడమని మా ఆలయానికి వచ్చే దంపతులలో కొన్నేళ్ళుగా ఒక మార్పు కనబడుతున్నది. పూర్వం కాశీకో రామేశ్వరానికో ముహూర్తం అడిగేవారు. ఇప్పుడు వీసా కాగితాలు చేత పట్టుకొని అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఐరోపాకు అడుగుతున్నారు. తిథివార నక్షత్రాలు చూసి చెప్పిన తరువాత కూడా కొందరు లేచి వెళ్ళరు. "పంతులుగారూ, మీరు స్విట్జర్లాండు వెళ్ళివచ్చారట కదా! మా అబ్బాయి, కోడలు పొద్దున వెళితే సాయంత్రానికి గాని ఇల్లు చేరరు. మాకు భాష రాదు. మూడు నెలలు ఆ నాలుగు గోడల మధ్య ఎలా గడపాలో తెలియడం లేదు" అని మెల్లగా మనసులోని మాట చెబుతారు.

ఈ వ్యాసం వారి కోసమే. ఆ నాలుగు గోడల బాధ నేనూ పడ్డవాడినే. 2023లో జ్యూరిక్ నగరంలో ఉన్న మా అమ్మాయి పురిటికని నేనూ, నా ధర్మపత్నీ వెళ్ళాము. అర్చకత్వ బాధ్యతను మా అబ్బాయికి అప్పగించాను. సముద్రయానం దోషమని ధర్మసూత్రాలలో ఉన్నది కదా, మీరెలా వెళ్ళారని అడిగినవారూ లేకపోలేదు. తిరిగి వచ్చి, చేసుకోవలసిన ప్రాయశ్చిత్తం చేసుకొన్న పిమ్మటనే గర్భాలయంలో అడుగుపెట్టాను. ఆ చర్చకు మరొక ఆదివారం కావాలి. ఇక్కడ చెప్పదలచినది రైళ్ళ గురించి, బస్సుల గురించి, పడవల గురించి.

ముందుగా అక్కడికి చేరడం. హైదరాబాదు నుంచి జ్యూరిక్‌కు గాని జెనీవాకు గాని నేరుగా విమానం లేదు. ఢిల్లీ, ముంబాయి నగరాల నుంచి జ్యూరిక్‌కు స్విస్ సంస్థ విమానాలు నేరుగా వెళతాయి. లేదంటే దుబాయి, దోహా వంటి గల్ఫ్ నగరాలలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారాలి. పెద్దవారికి నేను చెప్పేది ఒక్కటే. ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద ఉండాలి, విమానం మారేచోట మూడు గంటల వ్యవధి ఉండాలి. నాలుగు వేలు తగ్గుతున్నాయని రెండు సంస్థలవి రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండవ సంస్థకు మీతో సంబంధం ఉండదు. ఒకే టికెట్టయితే తరువాతి విమానంలో పంపే బాధ్యత వారిదే, సామాను కూడా నేరుగా గమ్యానికే చేరుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పండి. అందులో చిన్నతనమేమీ లేదు.

స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాకపోయినా 2008 నుంచి షెంగెన్ ఒప్పందంలో ఉన్నది. కనుక ఆ వీసాయే కావాలి. 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా చూపాలి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం సరిహద్దు వద్ద వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకుంటున్నారు. దానికి కాస్త సమయం పట్టవచ్చు. అక్కడి నాణెం యూరో కాదు, ఫ్రాంకు.

ఇల్లాళ్ళు నొచ్చుకొనే మాట ఒకటి చెప్పక తప్పదు. మన దేశం నుంచి పాల పదార్థాలేవీ ఆ దేశంలోకి తీసుకువెళ్ళరాదు. ఇంట కాచిన నేయి, పాలకోవా, కజ్జికాయలలో పెట్టిన కోవా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తాజా కరివేపాకు, పండ్లు, కూరలు కూడా ధ్రువపత్రం లేనిదే అనుమతించరు. పసుపు, కారప్పొడి, కందిపొడి పట్టుకువెళ్ళండి. బాలింత కోసమని మా ఆవిడ వెన్న కాచి సిద్ధం చేసిన నేతి డబ్బా శంషాబాదు విమానాశ్రయానికి బయలుదేరే ముందు మా మేనల్లుడి ఇంట్లోనే ఉండిపోయింది. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.

జ్యూరిక్ విమానాశ్రయంలో దిగగానే ఆ దేశపు స్వభావం తెలిసిపోతుంది. రైల్వేస్టేషను విమానాశ్రయం అడుగునే ఉన్నది. లిఫ్టులో దిగితే ప్లాట్‌ఫారం. పది పన్నెండు నిమిషాలలో నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన స్టేషనుకు చేరవచ్చు. జెనీవాలోనూ అంతే, ఇంకా తక్కువ సమయం. టాక్సీలు ఉన్నాయి గాని వాటి ధర చెబితే మన నోట మాట రాదు.

ఇక రైళ్ళ మాట. స్విట్జర్లాండు విస్తీర్ణం 41,285 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో మూడోవంతు కంటె కొంచెం ఎక్కువ. అందులోనూ అధికభాగం కొండలు. అంత చిన్న నేలలో 5,000 కిలోమీటర్లకు పైగా రైలుమార్గమున్నది. అది దాదాపుగా అంతా విద్యుత్తుతో నడిచేదే. బండ్ల మీద ఎస్.బి.బి., సి.ఎఫ్.ఎఫ్., ఎఫ్.ఎఫ్.ఎస్. అని మూడు పేర్లు కనిపిస్తే మూడు సంస్థలనుకొని కంగారు పడకండి. ఒకే ప్రభుత్వ సంస్థకు జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ భాషలలో ఉన్న పేర్లవి. ప్లాట్‌ఫారం మీద పట్టాల సంఖ్యకు జర్మన్ ప్రాంతంలో గ్లైస్ అనీ, ఫ్రెంచి ప్రాంతంలో వ్వా అనీ, ఇటాలియన్ ప్రాంతంలో బినారియో అనీ రాస్తారు. పక్కనున్న అంకె మాత్రం ఎక్కడైనా అంకెయే కదా!

పెద్దవారిని భయపెట్టేది రైలెక్కడం కాదు, రైలు మారడం. సామాను, తెలియని భాష, చేతిలో ఆరేడు నిమిషాలు. నేనూ భయపడ్డాను. కాని ఆ ఆరేడు నిమిషాల వెనుక ఉన్న గణితం తెలిసిన తరువాత నా భయం పోయింది. పంచాంగ గణితంతో పరిచయమున్నవాడిని కనుక అది నాకు ఎంతో ఇష్టంగానూ తోచింది. మీకూ చెబుతాను.

1982లో వారు దేశమంతటికీ ఒక నియమం పెట్టుకొన్నారు. ముఖ్యమైన మార్గాలలో ప్రతి రైలూ ప్రతి గంటా అదే నిమిషానికి బయలుదేరాలి. ఎనిమిది గంటల రెండు నిమిషాలకు ఒక రైలుంటే, తొమ్మిదీ రెండుకు, పదీ రెండుకు, సాయంత్రం ఆరూ రెండుకు కూడా అదే రైలుంటుంది. గంట మారుతుంది గాని నిమిషం మారదు. ఇప్పుడు చాలా మార్గాలలో అరగంటకొకటి నడుస్తున్నది. దీనికి మరొక మెలిక ఉన్నది. పెద్ద కూడళ్ళలో, గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు నాలుగు దిక్కుల నుంచీ రైళ్ళు వచ్చి చేరతాయి. ప్రయాణికులు ఒక బండి దిగి మరొకటి ఎక్కుతారు. గంట దాటిన కొద్ది నిమిషాలకు అన్నీ నాలుగు దిక్కులకూ కదులుతాయి. ఇది కుదరాలంటే ఒక కూడలి నుంచి మరొక కూడలికి ప్రయాణం గంటకు కొంచెం తక్కువలో ముగియాలి. జ్యూరిక్ నుంచి బెర్న్‌కు గంటకు పైగా పట్టేది. అందుకని కొత్త మార్గం వేసి, 2004 డిసెంబరు నుంచి దానిని 56 నిమిషాలకు దించారు. ఎంత వేగంగా పోగలమని వారు చూడలేదు, తరువాతి బండి అందడానికి ఎంత వేగం చాలునని చూశారు. ఈ పనికి 1987లో దేశప్రజలు ఓటు వేసి మరీ సమ్మతి తెలిపారు.

స్టేషన్లలోని గడియారాలను కూడా ఒకసారి నిలబడి చూడండి. 1944లో హన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపొందించినవి అవి. సెకన్ల ముల్లు ఎర్రగా, చివర గుండ్రని బిళ్ళతో, బండికి అనుమతినిచ్చే స్టేషను ఉద్యోగి చేతి కర్రలా ఉంటుంది. అది సుమారు 58 సెకన్లలోనే చుట్టు పూర్తిచేసి, పైన క్షణకాలం ఆగి, నిమిషం మారిందన్న సంకేతం రాగానే మళ్ళీ కదులుతుంది. దేశంలోని గడియారాలన్నీ అలా నిమిషానికొకసారి ఒకదానితో ఒకటి సరిపెట్టుకొంటాయి.

ఇంత చెప్పానని అక్కడ రైళ్ళు ఎన్నడూ ఆలస్యం కావని అనుకోకండి. అవుతాయి. మరమ్మతుల కోసం మార్గాలు మూసేస్తారు కూడా. గోట్‌హార్డ్ పర్వతం అడుగున 57 కిలోమీటర్ల పొడవైన సొరంగం 2016లో తెరిచారు, ప్రపంచంలోని రైలు సొరంగాలలో అదే దీర్ఘమైనది. 2023 ఆగస్టులో అందులో ఒక సరుకుల బండి పట్టాలు తప్పింది. 2024 సెప్టెంబరు దాకా ఆ మార్గం పూర్తిగా కోలుకోలేదు. అంతకాలమూ అనేక రైళ్ళు పైనున్న పాత కొండమార్గం మీదుగా వెళ్ళాయి. ఆ పాత మార్గంలోని సొరంగం 1882 నాటిది, పొడవు 15 కిలోమీటర్లు. దానిని తవ్వడంలో ఇంచుమించు 200 మంది కూలీలు ప్రాణాలు విడిచారు. తవ్వించిన లూయీ ఫావ్ర్ కూడా 1879లో ఆ సొరంగంలోనే కన్నుమూశాడు. ఆ చీకటిలో వెళ్ళేటప్పుడు మనసులో ఒక నమస్కారం చేసుకొన్నాను.

టికెట్ల విషయం. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. కాని టికెట్టు లేకుండా బండిలో దొరికితే జరిమానా గట్టిగానే ఉంటుంది. మన వంటి సందర్శకులకు స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటున్నది. 3, 4, 6, 8, 15 రోజులకు ఇస్తారు. ఆ రోజులలో దేశంలోని రైళ్ళు, బస్సులు, సరస్సుల మీది పడవలు, పట్టణాలలోని ట్రాములు దాదాపుగా అన్నీ ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. ధర ఎక్కువే. పది రోజులు గట్టిగా తిరిగేవారికి గిట్టుతుంది. మూడు నెలలు కూతురింట ఉండి వారానికొకసారి బయటికి వెళ్ళేవారికి గిట్టదు. అటువంటివారు నెలరోజులు సగం ధరకే టికెట్లిచ్చే కార్డు తీసుకొని, వెళ్ళవలసిన రోజున టికెట్టు కొనుక్కోవడం మేలు. తల్లిదండ్రుల వెంట పదహారేళ్ళలోపు పిల్లలుంటే కుటుంబ కార్డు ఉచితంగా అడగండి. పిల్లలకు టికెట్టు ఉండదు.

పాసు ఎవరిది వారి దగ్గరే ఉండాలి. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను.

మనవరాలికి మూడో నెల రాబోతుండగా, అమ్మాయి మమ్మల్ని బలవంతాన రెండు రోజులు తిరిగి రమ్మని పంపింది. జ్యూరిక్ నుంచి బెర్న్, అక్కడ బండి మారి ఇంటర్‌లాకెన్ ఓస్ట్, అక్కడ మళ్ళీ మారి లౌటర్‌బ్రున్నెన్ అనే ఊరు. మొదటి రెండూ చక్కగా జరిగాయి. మూడవ బండి దగ్గర ప్లాట్‌ఫారం మీద యాత్రికుల గుంపు ఉన్నది. కిటికీ పక్క చోటు దొరుకుతుందని మా ఆవిడ ముందుగా ఎక్కేసింది. నేను సీసాలో నీళ్ళు పట్టుకొని వచ్చేసరికి తలుపులు మూసుకొనే వేళ అయింది. ఎదురుగా ఉన్న పెట్టెలోకి ఎక్కేశాను. అన్ని పెట్టెలూ కలిసే ఉంటాయి, నడిచి వెళ్ళి కలుసుకోవచ్చునని నా ఊహ.

ఆ బండి రెండు బండ్లను కలిపి కట్టినది. ప్లాట్‌ఫారం మీద పెద్ద అక్షరాలతో ఎ, బి అని భాగాలు గుర్తించి, ఏ భాగం ఎక్కడికి పోతుందో రాసే ఉన్నది. పెట్టెల మీదా ఉన్నది. బండిలో ప్రకటించారు కూడా. చదవనిదీ, విననిదీ నేనే. పది నిమిషాలకు త్స్వైలూచినెన్ అనే చిన్న స్టేషనులో ఆగి, రెండు ముక్కలై, ఒకటి లౌటర్‌బ్రున్నెన్ వైపు, రెండవది గ్రిండెల్‌వాల్డ్ వైపు వెళ్ళిపోయాయి. నేను గ్రిండెల్‌వాల్డ్ ముక్కలో ఉన్నాను. పెట్టె ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు వెతికాను. ఆమె పాసు నా సంచిలో. ఆమె ఫోనులో అక్కడి సిమ్ము లేదు. జర్మన్ సరే, ఇంగ్లీషు కూడా నాలుగు ముక్కలు రావు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడను ఒంటరిగా పక్క ఊరికి కూడా పంపినవాడిని కాను.

టికెట్లు చూసే ఉద్యోగిని వచ్చేసరికి గ్రిండెల్‌వాల్డ్ దగ్గరపడింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో, చేతి సైగలతో చెప్పుకొన్నాను. ఆమె కంగారు పడలేదు, నన్ను కోప్పడలేదు. ఒక కాగితం తీసి నాలుగు సమయాలు రాసింది. గ్రిండెల్‌వాల్డ్‌లో బయలుదేరేది, త్స్వైలూచినెన్‌లో దిగేది, అక్కడ ఎక్కేది, లౌటర్‌బ్రున్నెన్‌లో దిగేది. చివరి సమయం కింద గీత గీసి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

వెనక్కి వచ్చే బండిలో కిటికీ అవతల ఏమున్నదో నాకు తెలియదు. ఐగర్ శిఖరమట. ఆ కాగితం, చేతి గడియారం తప్ప మరేమీ చూడలేదు. త్స్వైలూచినెన్‌లో బండి కోసం నిలబడినప్పుడు మాత్రం పక్కన నీటి హోరు వినబడింది. తెల్ల లూచినె, నల్ల లూచినె అనే రెండు ఏరులు కలిసేచోటట అది. ఊరి పేరుకు అర్థమే రెండు లూచినెలు అని తరువాత అల్లుడు చెప్పాడు. ఆ క్షణంలో ప్రయాగ గుర్తుకు రావలసింది, రాలేదు.

లౌటర్‌బ్రున్నెన్‌లో దిగేసరికి గడియారం కింద బెంచీ మీద మా ఆవిడ కూర్చొని ఉన్నది. పక్కన దద్ధ్యోదనం డబ్బా, అందులో సరిగ్గా సగం మిగిలి ఉన్నది. "అమ్మాయి చెప్పలేదటండీ, విడిపోతే దిగవలసిన ఊళ్ళోనే దిగి కదలకుండా కూర్చోమని? ఒక బండి వచ్చింది, మీరు దిగలేదు. అరగంటకొకటి వస్తుందన్నారుగా, వస్తారులే అనుకొన్నాను" అన్నది. నాలుగు సమయాలూ ఆ కాగితం మీద రాసినట్లే నిమిషం తేడా లేకుండా నడిచాయి. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంటి పంచాంగంలో ఉన్నది.

కనుక మీరు ఇల్లు కదిలే ముందే ఈ కట్టుబాటు చేసుకోండి. విడిపోతే ముందు చేరినవారు దిగవలసిన చోట దిగి కదలకూడదు, వెనుకబడినవారే వెతుక్కొని రావాలి. ఇద్దరూ కదిలితే ఇద్దరూ తప్పిపోతారు. పాసు, పాస్‌పోర్టు నకలు, పిల్లల ఫోను నంబరు రాసిన చీటీ ఎవరివి వారి సంచిలో ఉండాలి. బండి చిన్నదైనా పెట్టె మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి.

కొండల మీదికి వెళ్ళడం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మనవారందరూ యుంగ్‌ఫ్రౌయోహ్ వెళ్ళి మంచులో ఫొటో దిగితేనే యాత్ర ఫలించిందనుకొంటారు. 1912లో తెరిచిన ఆ రైలు 3,454 మీటర్ల ఎత్తుకు, పర్వత గర్భం గుండా తీసుకువెళుతుంది. అద్భుతమే, కాదనను. కాని అంత ఎత్తున గాలి పలచన. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా వెళ్ళరాదు. పైగా పాసు ఉన్నా అక్కడికి వేరే డబ్బు కట్టాలి. పెద్దవారికి నేను రీగీ కొండ చెబుతాను. ఎత్తు సుమారు 1,800 మీటర్లు. లూసెర్న్ పట్టణంలో స్టేషను ఎదుటే పడవల రేవు. అక్కడ పడవ ఎక్కి గంటసేపు సరస్సు మీద ప్రయాణించి విట్స్‌నౌలో దిగితే ఎదురుగానే ఎర్రని కొండరైలు ఉంటుంది. 1871లో మొదలైన ఈ రైలు ఐరోపాలోని కొండరైళ్ళలో మొట్టమొదటిది. పట్టాల నడుమ పళ్ళున్న మరొక పట్టా ఉంటుంది, బండి కింది పళ్ళచక్రం దానిని పట్టుకొంటూ పైకి ఎక్కుతుంది. పడవా, కొండరైలూ రెండూ పాసులోనే వస్తాయి. ఆ సరస్సు మీద 1901 నాటి ఆవిరి పడవ కూడా ఇంకా నడుస్తున్నది. లోపల యంత్రం ఆడుతూ ఉండగా నిలబడి చూడవచ్చు.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అనే అద్దాల బండ్ల పేర్లు వినే ఉంటారు. పాసు ఉన్నా వాటిలో కూర్చొనే చోటుకు వేరుగా రుసుము కట్టి ముందే రిజర్వు చేసుకోవాలి. అదే పట్టాల మీద మామూలు బండ్లూ నడుస్తాయి. వాటికి ఆ రుసుము లేదు, కొండలు అవే.

రైలు లేని పల్లెలకు పసుపుపచ్చని పోస్టు బస్సులు ఉన్నాయి. ఒకప్పుడు ఉత్తరాలు మోసిన సేవ నుంచి పుట్టినవి అవి. రైలు దిగేవారి కోసం స్టేషను బయట వేచి ఉండేలా వాటి వేళలు కూర్చుతారు. కొండదారి మలుపులలో డ్రైవరు మూడు స్వరాల కొమ్ము మోగిస్తాడు. రోసీని విలియం టెల్ సంగీత నాటకంలోని స్వరాలవి.

కారు అద్దెకు తీసుకొనే పని పిల్లలకు వదిలేయండి. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి. పెద్ద రహదారులకు ఏడాదికి 40 ఫ్రాంకుల విన్యెట్ అనే చీటీ ఉండాలి. కొండ కనుమలు చలికాలంలో మూసి ఉంటాయి. వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్ వంటి ఊళ్ళకు మామూలు కార్లను రానివ్వరు.

ఆహారం విషయంలో బెంగ వద్దు. బండిలో తినడానికి అభ్యంతరం లేదు. ఆదివారం ఊళ్ళో దుకాణాలు మూసినా పెద్ద స్టేషన్లలోనివి తెరిచే ఉంటాయి, పెరుగు, పండ్లు దొరుకుతాయి. వీధి ఫౌంటెన్లలో, తాగరాదని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, నీరు తాగవచ్చు. ఆవకాయ డబ్బా మూత తీసేముందు మాత్రం ఒకసారి పక్కవారి వంక చూడండి. సంధ్యావందనం చేసుకొనేవారు జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక అని గుర్తుంచుకొంటే చాలు.

జెనీవా వెళ్ళేవారికి ఒక విశేషం. స్టేషను ముందు 18వ నంబరు ట్రాము ఎక్కి చివరి దాకా వెళితే సెర్న్ అనే అణుపరిశోధన కేంద్రం. భారత ప్రభుత్వం 2004లో బహూకరించిన రెండు మీటర్ల నటరాజ విగ్రహం ఆ ప్రాంగణంలో ఉన్నది. లోపలికి అనుమతి ఉన్నవారికే ప్రవేశం గాని, రోడ్డుకు ఆవలి వైపు 2023లో తెరిచిన ప్రదర్శనశాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బెర్న్‌లో ఓయ్‌రోపాప్లాట్స్ స్టేషను పక్కన 2014లో కట్టిన సర్వమత భవనంలో శివాలయం ఉన్నది. జ్యూరిక్ వారికి దగ్గరది ఆడ్లిస్‌విల్‌లోని సుబ్రహ్మణ్యస్వామి ఆలయం. శ్రీలంక నుంచి వచ్చి స్థిరపడిన తమిళులు నెలకొల్పుకొన్నది. ప్రధాన స్టేషనులో ఎస్ 4 బండి ఎక్కితే ఇరవై నిమిషాల లోపే.

మేము తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్న వారంలో నాకు జలుబు, జ్వరం పట్టుకొన్నాయి. అమ్మాయి పసిబిడ్డతో ఉన్నది, అల్లుడు ఆఫీసుకు వెళ్ళాడు. ఆనాడు మంగళవారం. "స్వామిని ఒకసారి చూసి వస్తాను" అని మా ఆవిడ చెప్పులు తొడుక్కొన్నది. నేను ఏదో అనబోయాను. సంచి తెరిచి టికెట్టు చూపింది, చీటీ చూపింది, "పన్నెండూ పదికి ఇంట్లో ఉంటాను" అన్నది. బాల్కనీలో కూర్చొని గడియారం చూస్తూ ఉన్నాను. పన్నెండూ ఎనిమిదికి వీధి మలుపులో ఆవిడ చీర కనబడింది.